బయటి గోడలకు రంగు వేసే ముందు: పంపుతో కడిగించాలా, చేత్తో గీకించాలా?

ఏటా దసరా దాటగానే చుట్టాల్లోనో, వీధిలోనో ఎవరో ఒకరు అడుగుతారు: "సంక్రాంతికి రంగులు వేయించాలి. ప్రెషర్ పంపుతో కడిగించమంటారా, మనుషులను పెట్టి గీకించమంటారా?" ఈసారి మా ఇంటికీ ఆ పని పడింది. కాకినాడలో ఇరవై ఏళ్ల ఇల్లు. ఉత్తరం గోడకు నాచు. పడమటి గోడ మీద చెయ్యి వేస్తే అరచేతికి తెల్లటి పొడి. నేను గీకించడానికే మొగ్గాను.

పంపు మంచితనం ముందు చెప్పాలి. నాచు, పాకుడు, ఏళ్లనాటి దుమ్ము దానికి వదిలినంత బాగా బ్రష్‌కు వదలవు. ఎండకు పాత రంగులో పట్టు పోయి మిగిలిన పొడి కూడా కొట్టుకుపోతుంది. పని ఒక్క పూటలో తెమిలిపోతుంది. పిట్టగోడకు, సన్‌షేడ్ల పైభాగానికి, ప్రహరీకి అదే మేలు.

చిక్కంతా ఆ తర్వాతే. అంత జోరుగా కొట్టిన నీళ్లు బీటల్లోంచి, కిటికీల చుట్టూ ఉన్న సందుల్లోంచి ప్లాస్టరింగ్ లోపలికి దిగుతాయి. మర్నాటికి గోడ పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల తడి అలాగే ఉంటుంది. దాని మీద రంగు వేస్తే, ఎండ తగిలినప్పుడు ఆ తడి ఆవిరై రంగు పొరను బయటికి నెడుతుంది. ముందు బుడగలు, తర్వాత పెచ్చులు. ఇటుకలోని ఉప్పు కూడా తడితో పాటు పైకి వచ్చి తెల్లగా పూస్తుంది. మన కోస్తాలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, ఆపైన మంచు. గోడ ఆరాల్సిన రోజుల్లోనే పండగ తొందర. పదేళ్ల కిందట మా ఇంటికి అదే జరిగింది. కడిగిన మూడో రోజునే ప్రైమర్ వేసేశారు. ఆ వేసవికే పడమటి గోడంతా బుడగలు. పోసిన డబ్బంతా గోడ పాలైందని అమ్మ ఎంత బాధపడిందో నాకింకా గుర్తే.

అందుకే నేను చూసేది ఒక్కటే: గోడ ఆరిందా, లేదా? మూరెడు వెడల్పు, మూరెడు పొడవు ప్లాస్టిక్ కాగితం తీసుకుని నాలుగు అంచులా టేపు వేసి గోడకు అతికించండి. కనీసం 16 గంటలు ఉంచి తీయండి. లోపలి వైపు నీటి బొట్లు కనిపిస్తే ఇంకా ఆగాల్సిందే.

చేత్తో గీకిస్తే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. స్క్రాపర్, వైర్ బ్రష్, ఎమరీ పేపరుతో పట్టు వదిలిన రంగంతా తీసేసి, దుమ్ము దులిపి, ప్రైమర్‌కు వెళ్లొచ్చు. కాకపోతే మెల్లగా సాగే పని. మా రెండంతస్తులకు ముగ్గురు మనుషులు ఐదు రోజులు పని చేశారు, పరంజా అద్దె వేరే. దుమ్ము విపరీతంగా లేస్తుంది, పనివాళ్లకు మాస్కులు మీరే కొనివ్వండి. నాచున్న గోడకు మాత్రం బ్లీచింగ్ పౌడరు కలిపిన నీళ్లు పూసి, పావుగంట ఆగి, రుద్ది కడిగించాం. ఆ ఒక్క గోడను వారం పైన ఎండనిచ్చాం. ఆ నీళ్లలో యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

కిటికీ గ్రిల్స్ దగ్గర ఇంకో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకు ముందు వేసిన ఎనామిల్‌లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా గీకనివ్వకండి. తడిపి రుద్దించి, రాలిన పొట్టు అదే రోజు ఎత్తించండి. అప్పటిదాకా పిల్లలను అటు రానివ్వొద్దు.

గ్రైండర్‌తో మొత్తం ప్లాస్టరింగ్ దాకా తీయించడం అడుగున పాత సున్నం పొరలు ఊడుతుంటేనే. ఏమీ చేయకుండా నేరుగా రంగు వేయడం అసలు వద్దు, ఆ పొడితో పాటే కొత్త రంగూ రాలుతుంది.

ఎండలు ముదిరాక పని పెట్టుకుని, కడిగాక పది రోజులు ఆగగలిగితే పంపుకు నేనూ సరే అంటాను. మా ప్రహరీ పని ఏప్రిల్‌కు వాయిదా వేశాను, దానికి పంపే తెప్పిస్తాను.