ఎనిమిదేళ్లుగా నా బల్లమీదున్న 43 పేజీల పుస్తకం

తెలుగులో జరిగే సంఘ సమావేశాల మినిట్స్‌ను ఇంగ్లీషులో రాయడం నా పని. అందుకు నేను ఎనిమిదేళ్లుగా తిరగేస్తున్నది, కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం స్ట్రంక్ 1918లో తన విద్యార్థుల కోసం సొంతంగా అచ్చు వేయించిన ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అనే ఇంగ్లీషు రచనా నియమాల పుస్తకం. ఆయన శిష్యుడు ఇ.బి. వైట్ పెంచి రాయగా 1959లో వచ్చిన కూర్పే ఎక్కువమందికి తెలుసు. నా దగ్గరున్నది 1918 నాటి పాత కూర్పు. కాపీరైట్ గడువు తీరినందున నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది.

సమానమైన భావాలను సమానమైన రూపంలో చెప్పమనే పదిహేనో నియమం ఒక్కటి చాలు, ఈ పుస్తకాన్ని దగ్గర పెట్టుకోవడానికి. మొదట్లో కార్యదర్శి విధులను నేను ‘టు కలెక్ట్ డ్యూస్, మెయింటెయినింగ్ అకౌంట్స్ అండ్ హి షుడ్ కన్వీన్ మీటింగ్స్’ అని రాశాను. మూలంలో మాత్రం ‘చందాలు వసూలు చేయడం, లెక్కలు రాయడం, సమావేశాలు జరపడం’ అని మూడూ ఒకే వరసలో ఉన్నాయి. మన ‘డం’ ఇంగ్లీషులో ‘టు’ కావచ్చు, ‘ఇంగ్’ కావచ్చు కాబట్టి, ఆ రెంటినీ కలిపేసినా మన చెవికి ఎబ్బెట్టుగా తోచదు. ‘నాట్ ఓన్లీ’ విషయంలో మాత్రం తెలుగే దారి చూపుతుంది: ‘ఉత్తరమే కాక నివేదిక కూడా రాశాడు’ అన్నప్పుడు ‘కాక’, ‘కూడా’ నామవాచకాలనే అంటిపెట్టుకుంటాయి, అందుచేత ‘హి వ్రోట్ నాట్ ఓన్లీ ద లెటర్ బట్ ఆల్సో ద రిపోర్ట్’ అనడమే సరైనది, ‘నాట్ ఓన్లీ వ్రోట్’ అనడం కాదు.

జంట వ్యతిరేకార్థకాల దగ్గర, అంటే ఒకే వాక్యంలో ‘కాదు, లేదు’ అనే అర్థం రెండుసార్లు వచ్చే చోట, ఈ పుస్తకం నాకు చాలలేదు. విషయాన్ని వ్యతిరేక రూపంలో కాక సూటిగా, నిశ్చయ రూపంలో చెప్పమనే పన్నెండో నియమం మంచిదే గాని, మన పొరపాటుకు మూలం వేరే చోట ఉంది. ‘ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అనే వాక్యంలో ‘ఎవరూ’ అన్న మాటకు స్వతహాగా వ్యతిరేకార్థం లేదు, ఆ పని చివరి క్రియ చేస్తుంది. దాన్ని నేను ‘నోబడీ డిడ్ నాట్ రెయిజ్ ఎనీ అబ్జెక్షన్’ అని రాసి, అందరూ అభ్యంతరం చెప్పారనే అర్థం తెచ్చిపెట్టాను. సంతకం చేయబోతూ అధ్యక్షులవారు పట్టుకున్నారు గనుక బతికిపోయాను. ఇప్పుడు చిత్తుప్రతిలో ‘నో, నాట్, నెవర్, హార్డ్లీ, వితౌట్’ కనిపించిన చోటల్లా పెన్సిలుతో సున్నా చుడతాను. ఒకే వాక్యంలో రెండు సున్నాలు పడితే ఆ వాక్యాన్ని మళ్లీ రాస్తాను.

మూలంలో ‘సందేహాలు లేకపోలేదు’ అని వస్తే ‘దేర్ ఆర్ సమ్ డౌట్స్’ అని రాసి ఊరుకుంటున్నాను. ఆ తెలుగు మాటలోని మొహమాటం మాత్రం ఇంగ్లీషులోకి రావడం లేదు.