చిన్న తొట్టెలో సున్నితమైన పగడాలు: నీటి మార్పిడి చాలునా, డోసింగ్ కావాలా?

40 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కాల్షియం, ఆల్కలినిటీ (ముఖ్యంగా నీటిలోని బైకార్బనేట్ మోతాదు) తరిగిపోకుండా చూసుకోవడానికి రెండు దారులున్నాయి: వారం వారం కొంత నీరు తీసి కొత్త ఉప్పునీరు పోయడం ఒకటి, ఆ ఖనిజాల ద్రావణాలను రోజూ కొలిచి కలపడం, అంటే డోసింగ్, రెండోది.

మష్రూమ్, జోయాంథిడ్ వంటి మెత్తని పగడాల జాతులకు మొదటిదే చాలు. పైగా అది వ్యర్థాల వల్ల నీటిలో పేరుకునే నైట్రేటును పలుచన చేస్తుంది; కాల్షియం, బైకార్బనేట్ ద్రావణాలతో ఆ పని జరగదు.

అక్రోపోరా వంటి రాతి పగడాలు పెరగడం మొదలుపెడితే మాత్రం లెక్క మారిపోతుంది. అవి రోజుకు 0.5 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం) ఆల్కలినిటీని వాడుకుంటున్నాయనుకుందాం. వారం తిరిగేసరికి 8 నుంచి 4.5కు పడిపోయిన తొట్టెలో 4 లీటర్లు తీసి, 8 డీకేహెచ్ ఉన్న కొత్త నీరు పోస్తే తిరిగి వచ్చేది 0.35 మాత్రమే. ఈలోగా కొమ్మ మొదట్లో కణజాలం ఊడి తెల్లని అస్థిపంజరం బయటపడవచ్చు.

డోసింగ్ ఆ లోటును పూడుస్తుంది కానీ, చిన్న తొట్టె పొరపాటును క్షమించదు. రెండు ద్రావణాలను ఒకేచోట వెంటవెంటనే పోస్తే అవి కాల్షియం కార్బనేటుగా గడ్డకట్టి, నీరు సున్నం కలిపిన నీళ్లలా తెల్లబడుతుంది. (తొందరపాటు మనిషికి ఇది పనికిరాని పద్ధతి.)

నా మటుకు, ఏమీ కలపకుండా మూడు రోజులు ఒకే సమయానికి ఆల్కలినిటీని కొలిచి, తరుగుదల స్పష్టంగా కనిపిస్తేనే డోసింగుకు దిగుతాను. అప్పుడు కూడా నీటి మార్పిడిని మానను.