వంటపాకలో ఇనుప పొయ్యి, పొగగొట్టం: బిగింపు పనిపై సమీక్ష

కోనసీమ పల్లెల్లో గ్యాసు వచ్చినా పెరటి వంటపాకకు పని తగ్గలేదు. దింపు తీసిన ప్రతిసారీ పోగుపడే కొబ్బరి డొక్కలు, చిప్పలు, మట్టలు ఖర్చు లేని వంటచెరకు కాగా, సంక్రాంతి అరిసెల పాకానికీ, శుభకార్యాలకు పెద్ద డేగిసాలు ఎక్కించడానికీ, నీళ్ళ కాగు కాచడానికీ కట్టెల పొయ్యే అనువుగా ఉంటుంది. పొగ మాత్రం ఆ పాకలో పనిచేసే ఆడవాళ్ళ కళ్ళలోకీ ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఈ కారణంగానే మా బంగాళా పెంకుల వంటపాకలో అమలాపురం దగ్గరి ఒక ఇనుప పనుల షెడ్డు వారిచేత మూతగల పొయ్యినీ, కప్పు దాటి పైకి పోయే పొగగొట్టాన్నీ పెట్టించుకున్నాము. ఒక వానాకాలం పూర్తిగా గడిచిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను.

పొయ్యి గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మందపాటి ఇనుప రేకుతో చేసి, లోపల అగ్ని ఇటుక పేర్చి, కింద బూడిద అర పెట్టారు. వెల్డింగు శుభ్రంగా ఉంది, తలుపు బిగువుగా పడుతుంది. ఇలాంటి పొయ్యి చేయగలవారు జిల్లాలో చాలామంది ఉన్నారు. పనితనం తెలిసేది గొట్టం దగ్గర, ముఖ్యంగా అది కప్పును దాటే చోట.

పొయ్యి మెడ నుంచి పైకి వెళ్ళే మొదటి భాగానికి వారు జీఐ (జింకు పూత వేసిన ఇనుము) గొట్టం వాడలేదు, నల్ల ఇనుప గొట్టమే వేశారు. ఇది చాలామంది పట్టించుకోని విషయం. జీఐ మీది జింకు పూత 419 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఎండు చిప్పలు ఉద్ధృతంగా మండేటప్పుడు పొయ్యి మెడ దగ్గర ఎంత వేడి పుడుతుందో పాకలో నిలబడినవారికి తెలుసు, మితిమీరి వేడెక్కిన జింకు నుంచి వచ్చే పొగ పీల్చదగినది కాదు.

అతుకుల విషయంలో వారి ఆలోచన నాకు అన్నిటికంటే నచ్చింది. పొగలోని తేమ, తారు చల్లబడి గొట్టం లోపలి గోడల వెంట కిందికి కారతాయి కాబట్టి, పై ముక్క కింది కొస కింది ముక్క లోపలికి దిగితే ఆ తారు తిరిగి పొయ్యిలోకే పోతుంది, అతుకు బయటికి కారి గోడను పాడుచేయదు. అయితే కప్పు మీద వాన వ్యవహారం దీనికి సరిగ్గా ఎదురు: అక్కడ పై ముక్క కింది ముక్క మీదికి రాకపోతే వాననీరు అతుకులోకి దిగుతుంది. రెండింటినీ ఒకే పద్ధతిలో సాధించలేరు కనుక, పాక లోపల తారుకు అనువైన అతుకులు పెట్టి, ప్రతి అతుకుకూ మూడు మరలు బిగించి, కప్పు పైభాగాన్ని మాత్రం అతుకు లేకుండా ఒకే గొట్టంగా వెల్డు చేసి తెచ్చారు.

కప్పులో వాసాలు తాడివి. ఒక పొర గొట్టం కాలే వస్తువుకు పద్దెనిమిది అంగుళాలైనా ఎడంగా ఉండాలన్నది అగ్నిభద్రతలో స్థిరపడిన లెక్క; పెంకుల కప్పులో అంత ఎడం దొరకదు. అందుచేత ఆ భాగంలో రెండు పొరల గొట్టం వేసి నడుమ రాతి నారతో చేసిన రాక్‌ఊల్ కూరారు. గ్లాస్‌ఊల్ (గాజు నార) చాలదా అని అడిగితే, అది ఇంత వేడికి తట్టుకోదని, రాక్‌ఊల్ తట్టుకుంటుందని మేస్త్రీ చెప్పిన సమాధానం సరైనదే. గొట్టం చుట్టూ పరిచిన రేకును పై వరుస పెంకుల కిందికి దోపి, కింది వరుస పెంకుల మీదికి వదిలారు. ఆశ్వయుజ, కార్తిక మాసాల వానల్లో కూడా చుక్క కారలేదు.

ఎత్తు దగ్గర మాత్రం వారితో వాదించవలసి వచ్చింది. పెంకు దాటి కాస్త పైకి రాగానే ఆపేద్దామని వారు అన్నారు. గొట్టం కప్పును దాటిన చోటి నుంచి కనీసం మూడు అడుగులూ, పది అడుగుల లోపు కప్పులో ఏ భాగం ఉన్నా దానికంటే రెండు అడుగులూ ఎత్తు ఉండాలన్నది అమెరికా అగ్నిభద్రతా ప్రమాణంలోని నియమం. ఎత్తు పెరిగిన కొద్దీ గొట్టం పొగను బాగా లాగుతుంది. కొప్పు కంటే కింద ఆగితే గాలి కప్పు మీదుగా పొర్లి పొగను వెనక్కి తోస్తుంది. చుట్టూ కొబ్బరితోట ఉన్నచోట ఈ పొర్లింత మరీ ఎక్కువ. నచ్చజెప్పిన తరువాత పెంచారు, గొట్టం ఊగకుండా మూడు దిక్కులకూ స్టే వైర్లు లాగి కట్టారు. 1996 నవంబరు తుపానుకు తోటలకు తోటలే నేలకూలిన ప్రాంతంలో ఆ వైర్లు లేని గొట్టాన్ని ఒప్పుకోకూడదు.

లోపాలు రెండు. మొదటిది టోపీ, అంటే వాన పడకుండా గొట్టం పైన పెట్టే మూత. దాన్ని గొట్టం నోటికి మరీ దగ్గరగా పెట్టడంతో ముసురు పట్టిన రోజుల్లో పొగ మందగించి పాకలోకి తిరిగింది. తరువాత వచ్చి ఎత్తారు, కానీ అది జీఐ రేకుది కావడంతో ఉప్పుగాలికీ డొక్కల పొగకూ అంచుల్లో అప్పుడే తుప్పు మొదలైంది. ఎస్‌ఎస్ 304 (స్టెయిన్‌లెస్ స్టీలు) రేకుతో చేయించుకోవడం మేలు. రెండవది మసి తీసే ఏర్పాటు. టోపీని విప్పే వీలుగా కాకుండా వెల్డు చేసి ఇచ్చారు, కాబట్టి పైనుంచి బ్రష్షు దింపే దారి లేదు. 1980వ దశకంలో ఊరూరా పెట్టిన పొగలేని పొయ్యిలలో ఎన్నో మూలపడడానికి మసి పూడుకుపోయిన గొట్టాలు ఒక కారణం. పైగా పేరుకున్న తారు అంటుకుంటే గొట్టమంతా మండుతుంది. తాడి వాసాల కప్పు కింద అది చిన్న ప్రమాదం కాదు. టోపీని మరలతో బిగించి ఇమ్మని ముందే కాగితం మీద రాయించుకోవాలి.

పాక చిన్నదైతే గాలి సంగతి కూడా వారితో మాట్లాడండి. తలుపూ కిటికీ మూస్తే పొయ్యికి గాలి అందదు, గాలి అందని పొయ్యికి ఎంత ఎత్తు గొట్టమూ పనిచేయదు, కార్బన్ మోనాక్సైడు లోపలే నిలుస్తుంది. మాకు గోడ అడుగున కన్నం పెట్టమని వారు చెప్పలేదు; తాపీమేస్త్రీని పిలిచి మేమే పెట్టించుకున్నాము.

ఖర్చు విషయానికి వస్తే, పొయ్యికి ఎంత అయిందో గొట్టానికీ దాదాపు అంతే అయింది, ఆ ధర న్యాయమైనదే. ఎండిన సరుగుడు కట్టె, చిప్పలు వేసినప్పుడు పాకలో పొగ వాసనే లేదు. పచ్చి డొక్కలు వేస్తే మాత్రం తలుపు తీసిన ప్రతిసారీ కొంత బయటికి వస్తుంది. పెంకు లేదా రేకు కప్పు ఉన్నవారికి వీరి పనిని సిఫారసు చేస్తాను. తాటాకు పాకలకు కూడా పెడతామని వారు అంటున్నారు, దానికి మాత్రం ఒప్పుకోవద్దు.