మా గరుసు రోడ్డుతో ఆరేళ్లు: మూడు టిప్పర్లు మింగేసి, నాలుగో ఏడు దారికొచ్చింది

2019లో ఇల్లు కట్టుకుని ఇక్కడికి వచ్చాం. కర్నూల్లో నంద్యాల రోడ్డు వైపు శివార్లు. వీధి పొడవు దాదాపు 400 అడుగులు, కాగితంలో వెడల్పు 20 అడుగులు, నిజంగా బండ్లు తిరిగేది 14 అడుగులే. మొత్తం 11 ఇళ్లు. తారు లేదు, సిమెంటు లేదు. లేఅవుటుకు అనుమతి లేదు కాబట్టి ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే పథకం) సంగతి తేలేదాకా రోడ్డు మాట ఎత్తొద్దన్నారు ఆఫీసులో. తప్పు మాది కూడా ఉంది, గజం తక్కువకు వస్తోందని ఎగబడి కొన్నప్పుడు ఈ ప్రశ్న ఒక్కరం అడగలేదు. కాబట్టి రోడ్డు బాగోగులు మావే. ఆరేళ్లలో చేసిన తప్పులన్నీ చేశాక రాస్తున్నా, ఇంకో వీధి వాళ్లకైనా పనికొస్తుందని.

మా ప్లాట్లున్న చోట ఒకప్పుడు శనగ వేసేవాళ్లట. అంటే కింద ఉన్నది నల్లరేగడి. ఎండాకాలం వేలు దూరేంత నెర్రెలు బారుతుంది, వాన పడితే ఉబ్బి మెత్తని ముద్దయి చెప్పుకు కిలో చొప్పున అంటుకుంటుంది. అలాంటి నేల మీద మొదటి ఏడాది ఏం చేశామంటే, చందాలు వేసుకుని మూడు టిప్పర్ల ఎర్ర గరుసు తెప్పించి, జేసీబీతో అటూ ఇటూ పరిపించి, చేతులు దులుపుకున్నాం. రెండు నెలలు ఊరంతా మా రోడ్డే బాగుందనుకున్నాం. సెప్టెంబరు వానలు దాటేసరికి గరుసు కనపడలేదు. బండి చక్రం తొక్కిన కొద్దీ రాళ్లు బురదలోకి దిగిపోయాయి, బురద పైకి వచ్చింది. "మూడు టిప్పర్లు యాడికి పోయినాయప్పా?" అని ఎదురింటి మామ రోజూ నన్నే అడిగేవాడు, నేను తిన్నట్టు.

మళ్లీ తెప్పిద్దామని అందరూ అంటుంటే నేను ఒక పని చేశా, అది ఈ ఆరేళ్లలో పైసా ఖర్చు లేకుండా చేసిన పని. వాన జోరుగా పడుతున్నప్పుడు గొడుగు వేసుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచా. ఇంట్లో ఆవిడ పిచ్చి పట్టిందనుకుంది. నీళ్లు ఏ ఇంటి ముందు ఆగుతున్నాయి, ఏ గేటు దగ్గర రోడ్డు మీదికి ఎక్కుతున్నాయి, ఎక్కడ సుడి తిరిగి మట్టిని తోడుకుపోతున్నాయి అనేది ఎండలో నిలబడి ఎంత చూసినా తెలియదు. అరగంటలో అంతా తెలిసింది. ఆ చివర వంక ఉంది కాబట్టి నీళ్లు అటే పోతాయని అందరం అనుకుంటున్నాం, తీరా చూస్తే అయిదో ఇంటి ముందు, ఆరో ఇంటి ముందే చెరువు కడుతున్నాయి.

తర్వాత ఆదివారం మేస్త్రీని పిలిచి నీళ్ల ట్యూబుతో లెవెల్ పట్టించా. మా చివర నుంచి వంక దాకా రెండున్నర అడుగుల పల్లం ఉంది, అది చాలు. కానీ మధ్యలో ఆ రెండిళ్ల ముందు అయిదు అంగుళాల గుంత. పైగా రోడ్డు నడుమ భాగం అంచుల కంటే కిందికి ఉంది, అంటే మేం వేసుకున్నది రోడ్డు కాదు, కాలవ. దానికి పక్కన వేరే కాలవ లేదు. ఇంక గరుసు పోసి ఏం లాభం?

డబ్బులు కూడేసరికి, అందరూ ఒప్పుకునేసరికి 2022 అయింది. ఈసారి ముందు కాలవలు తీశాం. రోడ్డుకు రెండు వైపులా రెండడుగుల వెడల్పు, అడుగున్నర లోతు, గోడలు నిలువుగా కాకుండా ఏటవాలుగా, ఎందుకంటే నల్లరేగడి నిలువుగా తీస్తే మొదటి వానకే కూలి కాలవలో పడుతుంది. ఇక్కడ కూడా ఒక పొరపాటు జరిగింది. జేసీబీ అబ్బాయి తీసిన మట్టినంతా రోడ్డు అంచునే గట్టులాగా పోసి వెళ్లిపోయాడు. చూడటానికి నీటుగానే ఉంది, కానీ రోడ్డు మీద నీళ్లు కాలవలోకి దిగాలంటే ఆ గట్టు దాటాలి కదా! మళ్లీ మనుషులను పెట్టి ఎత్తించాం.

ఆ తర్వాత వాటం. నడుమ ఎత్తు, అంచులు పల్లం. ఇంజనీర్లు క్యాంబర్ అంటారు, మన మేస్త్రీలు వాటం అంటారు, రెండూ ఒకటే. తారు రోడ్డుకు కొంచెం వాటం చాలు, ఎందుకంటే నీళ్లు జారిపోతాయి. మట్టి, గరుసు రోడ్డుకు వందకు నాలుగు లెక్కన ఇవ్వాలి. మా 14 అడుగుల రోడ్డులో నడుమ నుంచి అంచుకు 7 అడుగులు, అంటే దాదాపు మూడున్నర అంగుళాలు. ఏడడుగుల బద్ద ఒక కొస రోడ్డు నడుమ పెట్టి, పైన రసమట్టం (స్పిరిట్ లెవెల్) ఉంచి, అంచు దగ్గర బద్ద కింద ఎన్ని అంగుళాల సందు ఉందో టేపుతో చూసుకుంటూ పోయాం. జేసీబీ డ్రైవరు "ఇంత అవసరం లేదన్నా, నా కంటికి తెలుస్తుంది" అన్నాడు. అతని కంటికి తెలిసింది ఒకటిన్నర అంగుళం.

గరుసు ఎంచుకోవడంలో కూడా మోసపోవచ్చు. ఉత్త రాళ్లే ఉన్నది పట్టు ఉండదు, చక్రాలకు చెల్లాచెదురవుతుంది. ఉత్త బంకమట్టి ఎక్కువ ఉన్నది వానలో జారుడుబల్లే. రాయి, ఇసుక, రొంత బంక కలిసి ఉండాలి. క్రషర్ డస్టు (కంకర మిల్లులో వచ్చే రాతిపొడి) చవక అని కొందరు అన్నారు, దానికి ఆ బంక లేదు, ఎండకు పొడయి లేచి ఇంట్లోకే వస్తుంది. పరిచేటప్పుడు తడి కూడా చూసుకోవాలి. పిడికెడు తీసుకుని గట్టిగా పిసికితే ముద్ద కట్టాలి, అరచేతికి నీరు అంటకూడదు, ముద్దను రెండడుగుల ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు ముక్కలు కావాలి. మొత్తం పొడయితే ఇంకొంచెం నీళ్లు కొట్టాలి. పగలకుండా నేలకు అతుక్కుంటే తడి ఎక్కువైనట్టే, ఆ రోజు పని ఆపేయాలి. ఎండిన గరుసు మీద రోలర్ ఎన్నిసార్లు తిప్పినా దండగ, ఇది మేం మొదటి సారి అసలు ఆలోచించలేదు.

ఖర్చు అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి చెప్తున్నా, ఇది 2022 నాటి లెక్క. ఆరు టిప్పర్లు ఒక్కోటి 4,500, జేసీబీ అయిదు గంటలు 6,000, రోలర్ 5,000, రెండు ట్యాంకర్ల నీళ్లు 1,200. మొత్తం 39,200. ఇంటికి 3,500 చొప్పున వసూలైంది 38,500. మిగతా 700 ఎవరివో అడక్కండి. ఆరు టిప్పర్లు నాలుగు అంగుళాల మందానికి సరిపోయాయి, అది కూడా రెండు పొరలుగా, ఒక పొర అణిగాక ఇంకో పొర. రెండో పొరకు ముందు సాయంత్రం ఒక వాన పడి పని ఒక రోజు ఆగింది, ఆ ఒక్క రోజుకే రోలర్ వాడు బాడుగ పెంచమని గోల.

ఇదంతా ఒక ఎత్తు, ర్యాంపులు ఒక ఎత్తు. కాలవ వచ్చాక ప్రతి ఇంటి ముందు బండి ఎక్కడానికి సిమెంటు ర్యాంపు పోసుకున్నారు, కింద నాలుగు అంగుళాల పీవీసీ పైపు. ఒక్క ప్లాస్టిక్ కవరు చాలు అది మూసుకోడానికి. నాలుగు అంగుళాల పైపుకూ 12 అంగుళాల తూముకూ తేడా మూడింతలే అనుకుంటాం, కానీ నోరు తొమ్మిదింతలు పెద్దది. తూము వేద్దామంటే దాని మీద కనీసం అడుగు మట్టి ఉండాలి, మా కాలవకు అంత లోతు లేదు. చివరికి బేతంచెర్ల నాపరాతి బండలే దిక్కయ్యాయి. కాలవకు ఇరువైపులా చిన్న గోడ లేపి, పైన మందం బండలు పరిస్తే, ఎప్పుడైనా గడ్డపారతో లేపి పూడిక తీయొచ్చు. ఆరో ఇంటాయన మాత్రం ససేమిరా అన్నాడు, "ర్యాంపు కొడితే నా కారు యాడ పెట్టుకోవాల, మీ ఇంట్లోనా?" అని. ఆ అక్టోబరులో ఒక రాత్రి కాలవ పొంగి నీళ్లు ఆయన సంపులోకి దిగాయి. పొద్దున్నే మేస్త్రీ నంబరు కావాలని ఆయనే ఫోన్ చేశాడు. నేనేం అనలేదు, నంబరిచ్చా. బండలకు ఒక లోపం ఉంది, ఇసుక ట్రాక్టరు ఎక్కితే పగులుతాయి, మాకు ఇప్పటికి రెండు పగిలాయి.

మంచినీళ్ల పైపు కోసం కాంట్రాక్టరు మనుషులు వచ్చి రోడ్డు పొడుగునా కందకం తవ్వడం ఇంకో కథ. పైపు వేశారు, మట్టి తోశారు, వెళ్లారు. తోసిన మట్టి అణగదొక్కలేదు. పైన గరుసు చూసి మేం కూడా సరేననుకున్నాం. మొదటి పెద్ద వానకు ఆ గీత వెంబడే రోడ్డు జానెడు దిగిపోయి, వాటం చెడిపోయి, నీళ్లన్నీ ఆ సన్న కాలవలోంచే పారడం మొదలుపెట్టాయి. మళ్లీ తవ్వి, జానెడు జానెడు మట్టి వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించాల్సి వచ్చింది. మీ వీధిలో ఎవరు తవ్వినా పూడ్చేటప్పుడు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోండి, మొహమాటం వద్దు.

గుంతల సంగతి. నాపరాళ్ల పాలిషింగు యూనిట్ల దగ్గర ముక్కలు ఊరికే వస్తాయని ఒక ఆటో నిండా తెచ్చి గుంతల్లో వేశారు మావాళ్లు. పలక రాయి ఒకదానితో ఒకటి పట్టుకోదు, చక్రం కింద కటకటమని ఊగి అంచు లేస్తుంది, రెండు టైర్లు చిరిగాయి. పాత ఇల్లు పడగొట్టిన మట్టి ఇంకా ఘోరం, మేకులు. సరైన పద్ధతి కొంచెం ఓపికతో కూడుకున్నది: గుంతను అడుగున గట్టి నేల తగిలేవరకు తవ్వి, అంచులు నిటారుగా చెక్కి, బురద నీళ్లు ఎత్తేసి, తడి గరుసు రెండు మూడు పొరలుగా కొట్టి, పైన ఒక అంగుళం ఎత్తుగా వదిలేయాలి, బండ్లు తిరిగితే అదే సమానమవుతుంది. నీళ్లు నిండిన గుంతలో గరుసు పారబోయడం పాయసంలో రాళ్లు వేసినట్టే.

వాడకంలో నాకు నచ్చనివి కూడా చెప్పాలి కదా. మార్చి నుంచి జూన్ దాకా దుమ్ము, కిటికీ తెరిస్తే టీవీ మీద వేలితో పేరు రాయొచ్చు. సాయంత్రం పైపుతో నీళ్లు చల్లుతాం, అరగంట ముచ్చట. కాలిన ఇంజనాయిల్ చల్లితే దుమ్ము లేవదని ఒకాయన సలహా ఇచ్చాడు, పక్కనే బోర్లున్నాయి బాబూ అని దండం పెట్టా. స్కూలు ఆటోలు వేగంగా తిరిగే మూల దగ్గర ఎండకాలం రోడ్డు రేకులషీటులాగా అలలు అలలుగా తయారవుతుంది, దాని మీద స్కూటీ నడిపితే పళ్లు కదులుతాయి. పైపైన గరుసు లాగి సరిచేస్తే వారంలో మళ్లీ వస్తుంది, ఆ అలల అడుగు దాకా గీకించి, తడిపి, మళ్లీ అణగదొక్కాలి. దోమలు కూడా. స్నానాల నీళ్లు కాలవలోకి వదిలిన మూడిళ్ల దగ్గర కాలవ ఎప్పుడూ ఆరదు, అంచు మెత్తబడి రోడ్డు అక్కడే కుంగుతుంది. ఇంకుడు గుంత తవ్వమన్నారు, తవ్వాం, నల్లరేగడిలో నీళ్లు ఇంకవు, నిండిపోయి కూర్చుంది.

మొన్న సెప్టెంబరు వానకు మాత్రం సంతోషమేసింది. కర్నూలు వాళ్లకు ఏ వానైనా 2009 అక్టోబరుతో పోల్చుకోవడం అలవాటు, తుంగభద్ర, హంద్రి కలిసి ఊరిని ముంచిన సంగతి ఇప్పటికీ మర్చిపోలేం, అంత కాకపోయినా గట్టి వానే. తెల్లారి గొడుగు అలవాటు కొద్దీ వెళ్లి చూస్తే రోడ్డు నడుమ తడే తప్ప నీళ్లు లేవు, కాలవల్లో ఎర్రనీళ్లు వంక వైపు బిరబిరా పోతున్నాయి. గంటకు అవి కూడా తగ్గాయి.

ఈ మే నెలాఖరుకు కాలవల పూడిక తీయించాలి, ఒక టిప్పరు గరుసు తెప్పించి నా ప్లాటు మూలన పోయించి పట్ట కప్పి ఉంచాలి, గుంత పడ్డ రోజే వేయడానికి. సీసీ రోడ్డు వస్తుందని మళ్లీ వినపడుతోంది. వస్తే మంచిదే, కానీ పాత రోడ్డు గీకకుండా మీదే పోసేసి ఇళ్లు పల్లంలో పడిన వీధులు చూశా. అందుకే మా గేటు స్తంభం మీద ఇప్పటి రోడ్డు మట్టం ఎర్ర పెయింటుతో గీసి పెట్టా.