అరివేణి కుండల బొంత: నాలుగు ఎండాకాలాల తర్వాత

పోయిన నెల ఇంటికి రంగులు వేయిస్తూ హాల్లో గోడ మీది బొంతను దించాను. 2021 వేసవిలో కుట్టాక దాన్ని వాకిట్లో వెలుతురులో పరిచి తీరిగ్గా చూడటం అదే మొదటిసారి. వెనక్కి తిప్పితే అస్తరు గుడ్డ కొన్ననాటి మాదిరే ఉంది. ముందువైపు చూస్తే మాత్రం అనంతపురం ఎండ సంగతి తెలిసింది. ఒక కుండ రంగు సగం పోయింది, ఒక పట్టు ముక్క పీలికలైంది, రెండు పువ్వుల అంచులు పైకి లేచాయి. కుట్టిన వారంలోనే ఈ సమీక్ష రాసుంటే వాడిన ప్రతి వస్తువుకూ మంచి మార్కులే వేసేదాన్ని.

బొంత అన్నానని కప్పుకునేది అనుకోవద్దు. 18 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవు, అంతే. ఆర్ట్ క్విల్ట్ అని ఇప్పుడు అందరూ అంటున్నది ఇదే. పైన గుడ్డ ముక్కలతో చేసిన బొమ్మ, మధ్యలో మెత్త, వెనక అస్తరు, మూడింటినీ పట్టి ఉంచే కుట్టు. చూసినవాళ్లు పేరేదైనా చెప్పనీ, మా అవ్వ మాత్రం దాన్ని బొంత అనే అంటుంది, "గోడకెందుకే బొంత, దానికేమన్నా చలా?" అని కూడా అంటుంది.

నిజానికి మొదట కుట్టాలనుకున్నది ఈ కుండలు కాదు. మా చిన్నమ్మ జైపూర్ నుంచి తెచ్చిన నీలి పూలకూజా ఒకటి షోకేసులో ఉంది, దాన్ని గుడ్డలోకి దించాలని ఆశ. ఆ నీలి సామాను చూడటానికి మట్టిపాత్రలా ఉంటుంది గానీ అందులో కుమ్మరి బంకమట్టి ఉండదు. పలుగురాయి పొడి, గాజు పొడి, ముల్తానీ మట్టి కలిపి ముద్ద చేసి, రొట్టెలా చదును చేసి అచ్చులో పరుస్తారు. కోబాల్ట్ ఆక్సైడ్‌తో గీసిన గీత కొలిమిలో కాలాకే ఆ నీలం తేలుతుంది. అందమంతా సన్నని కుంచె గీతలో ఉంది. ఆ గీతను గుడ్డలో కత్తిరించబోతే పోగులు ఊడి చేతికి దారాలే మిగిలాయి. రెండు రోజులు తంటాలు పడి వదిలేశా.

అప్పుడు గుర్తొచ్చినవి అరివేణి కుండలు. పెళ్లికి కుమ్మరి ఇంటి నుంచి మేళంతో తెచ్చేవి, కొన్ని చోట్ల ఐరేని కుండలంటారు. ఎర్రటి కుండ మీద సున్నంతో లావు గీతలు, చుక్కలు, ముగ్గు మాదిరి అల్లిక. అడుగున పెద్దది, దాని మీద నడిమిది, పైన చిన్నది, ఆపైన మూకుడు. గుడ్డ పనికి ఇంతకంటే అనువైన బొమ్మ ఉండదని ఇప్పటికీ నా అభిప్రాయం. గీత లావు గనక కత్తెరకు లొంగుతుంది, చేయి కాస్త వంకర పోయినా సున్నం గీతలో కూడా ఆ వంకర ఉండేదే కదా.

ఇక గుడ్డల సంగతి. పెద్ద కుండకు అవ్వ పాత నూలుచీర, నడిమి కుండకు అంగట్లో కొన్న కొత్త ఎర్ర కాటన్, చిన్నదానికి ధర్మవరం పట్టు జాకెట్‌లో మిగిలిన జరీ ముక్క. అడుగున నేలకు రాయదుర్గం నుంచి తెప్పించుకున్న జీన్స్ కత్తిరింపులు. సున్నం గీతలకు మా ఆయన పాత పంచె. ఏది నిలుస్తుందో చూద్దామని ఇన్ని రకాలు పెట్టలేదు, చేతికి దొరికినవి పెట్టా. పరీక్ష దానంతటదే జరిగిపోయింది.

కొత్త ఎర్ర గుడ్డ మొదటి రోజే ముంచింది. కుట్టు పూర్తయ్యాక సుద్ద గీతలు పోవాలని నీళ్లు చల్లి తుడిస్తే, ఎరుపు దిగి పక్కనున్న తెల్ల చుక్కలు గులాబీ రంగుకు తిరిగాయి. రాళ్లుప్పు నీళ్లలో నానబెడితే రంగు దిగదని అందరూ చెబుతారు. నేనూ ముందే రాత్రంతా నానబెట్టా, ప్రయోజనం సున్నా. ఇప్పుడు చేసేది ఒకటే. ముక్కను తడిపి తెల్లగుడ్డ మీద పరిచి ఇస్త్రీ పెట్టె ఆనిస్తా. మరక పడిందా, ఆ గుడ్డ బొంతలోకి రాదు. ఇన్ని చేసి, ఆ ఎరుపన్నా నిలిచిందా అంటే, రెండో వేసవికి నారింజ అయింది, ఇప్పుడు ఇటుకరాయి పొడి మాదిరి ఉంది. అవ్వ చీర రంగు మాత్రం అట్లే ఉంది. ఇన్నేళ్ల ఉతుకులో, దండెం మీది ఎండలో పోవాల్సిన రంగు ముందే పోయింది గదా, ఇంక పోవడానికేముంది?

పట్టు ముక్క గురించి రాయడానికి మనసొప్పదు. తగిలించిన రోజు ఇంటికొచ్చినవాళ్లందరి కళ్లూ దాని మీదే. పడమటి కిటికీ ఎదురుగా గోడ మాది, సాయంత్రం మూడు గంటల నుంచి ఎండ నేరుగా దాని మీదికే. పట్టు వెలుతురుకు ఓర్చుకోదు. మూడో ఏటికి పోగులు పోగులుగా చీలింది, జరీ నల్లబడింది. జీన్స్ కొంచెం తేలిక రంగుకు తిరిగింది, అది దానికి అందమే గానీ లోపం కాదు.

అందరూ అడిగేది జిగురు కాగితం గురించి. కాగితం మీద సన్నటి జిగురు పొర ఉంటుంది, బొమ్మను కాగితం వైపున తిరగేసి గీసి, జిగురు వైపును గుడ్డ వెనక పెట్టి ఇస్త్రీ చేసి, గీత వెంబడి కత్తిరించి, కాగితం ఊడదీసి, కింది గుడ్డ మీద మళ్లీ ఇస్త్రీ చేస్తే అతుక్కుంటుంది. మొదటిసారి చూసినప్పుడు మాయలాగే అనిపించింది. పిన్నులు వద్దు, టాకాలు వద్దు, పోగులు ఊడవు. సున్నం చుక్కలు నలభైకి పైగా ఉన్నాయి, చేత్తో అంచు మడిచి కుట్టాలంటే నా వల్ల అయ్యేది కాదు. అందుకు దానికి దండం పెట్టాల్సిందే.

అయితే ఇబ్బందులూ ఉన్నాయి. ఇస్త్రీ పెట్టెను గుడ్డ మీద లాగకూడదు, ఎత్తి ఆనించి మళ్లీ ఎత్తాలి. ఎక్కువ సేపు ఆనిస్తే జిగురు మాడి అతుక్కునే గుణం పోతుంది. ఈ రెండూ నేను ముక్కలు పాడు చేసుకునే నేర్చుకున్నా. మిగిలిన కాగితాన్ని అటక మీది పెట్టెలో దాచా. మే నెల దాటాక తీస్తే జిగురు పొర కాగితాన్ని వదిలి విడిగా ఉల్లిపొరలా చేతికొచ్చింది. దాన్ని కింద చల్లగా ఉండే అరలో చుట్టగా పెట్టుకోండి, మడతలు వద్దు. ఇంకొకటి, జిగురు సూదికి అంటుకుని దారం తెగుతుంది. మధ్యమధ్యలో స్పిరిట్ అద్దిన దూదితో సూది తుడవాలి.

అసలు విషయం ఏమంటే, ఈ జిగురు కుట్టు పడేదాకా ముక్కను పట్టుకునే వేలు మాత్రమే. చుట్టూ దగ్గరగా జిగ్‌జాగ్, అంటే అటూ ఇటూ వంకరగా పడే కుట్టు, వేసిన చుక్కలు ఒక్కటీ కదల్లేదు. ఓపిక లేక నడుమ ఒక్క గీత కుట్టు వేసి వదిలేసిన రెండు పువ్వులే లేచాయి. ఆ రోజు అవ్వ పక్కన కూచుని, "బంక పెడ్తే గుడ్డ నిలుస్తాదేమే? కుట్టు కావల్ల గానీ" అని అంది. నేను నవ్వి ఊరుకున్నా.

మధ్య మెత్తకు మొదట పాలిస్టర్ వాడింగ్ షీటు వేశా. తేలిగ్గా ఉంటుంది, ఉబ్బుగా ఉంటుంది, కుండలు నిజంగానే పొట్టతో ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ కుట్టు దూరం ఉన్న చోట కాలం గడిచేకొద్దీ జారి ముడతలు పడింది. దూది వేస్తే ఎట్లుంటుందని ఆదోని వైపు బంధువులతో తెప్పించి ఇంకో చిన్న ముక్క కుట్టి చూశా. వదులు దూది గడ్డకట్టకుండా ఉండాలంటే కుట్లు చాలా దగ్గరగా పడాలి, గోడ బొమ్మకు అంత బరువూ అక్కర్లేదు. చివరికి అవ్వ పద్ధతే నెగ్గింది. పాత చీర రెండు మూడు మడతలు, ఇంకేం వద్దు. మన పాత బొంతలన్నీ అట్లా చీర పొరలతోనే కుట్టేవాళ్లు. చదునుగా నిలబడుతుంది, జారదు, ఖర్చూ లేదు.

చక్రపు కత్తి, అంటే గుండ్రటి బ్లేడును దొర్లించి గుడ్డ కోసే కత్తి, దాని గురించి రెండు మాటలు చాలు. తిన్నటి గీతల ముక్కలకు బాగుంది, కుండ వంపులకు కత్తెరే నయం. మిషన్ విషయానికొస్తే, మామూలు ఇంటి మిషనే చాలు, జిగ్‌జాగ్ ఉంటే మేలు. కుట్టుతో బొమ్మ గీయాలంటే గుడ్డను ముందుకు లాగే పళ్లను దించి చేత్తో నడపాలి. నాకు చేయి కుదరడానికి రెండు వారాలు పట్టింది, పాత దుప్పట్లన్నీ దానికే బలి. 14 నంబర్ సూది సరిపోతుంది, జీన్స్ వచ్చిన చోట 16. అంచు పట్టీ మూలల్లో జీన్స్ నాలుగు పొరలైతే 16 కూడా విరిగింది. అందుకే జీన్స్‌ను అంచు దాకా తేవద్దు, అర అంగుళం ముందే ఆపండి.

తగిలించడంలో చేసిన తప్పు నా బద్ధకం వల్లే. పై రెండు మూలల్లో మేకులు కొట్టి వేలాడదీశా, ఆరు నెలల్లో నడుమ జారి పై అంచు తోరణంలా వంగింది. తర్వాత వెనక పైభాగాన అడ్డంగా గొట్టంలాంటి సంచి కుట్టి, అందులో కర్టెన్ కడ్డీ దూర్చా. అప్పటి నుంచి తిన్నగా ఉంది. ఆషాఢం గాలికి ఎర్రమన్ను దుమ్ము ఇంట్లోకి రాకుండా ఆపడం ఎవరి తరం? దోమతెర ముక్క అడ్డం పెట్టి వాక్యూమ్ క్లీనర్‌తో లాగుతా, ఉతకడం మాత్రం లేదు. గోడకు మరీ ఆనుకుని ఉంటే వెనక బల్లి కాపురం పెడుతుంది. కడ్డీని రెండంగుళాలు ముందుకు జరిపాక అది షోకేసు వెనక్కి మారింది.

ఓపిక ఉంటే ఈ పని మొదలుపెట్టండని ఎవరికైనా చెబుతా, కొత్త గుడ్డ కొనడానికి అంగడికి పరిగెత్తకుండా ముందు ఇంట్లో పెట్టె తెరవమని కూడా చెబుతా. జిగురు కాగితం చిన్న చుక్కలకే వాడండి. పట్టు జోలికి పోవద్దు, ఎండ తగలని గోడ ఉంటే తప్ప.

పాత బొంతను ఇప్పుడు ఉత్తరం వైపు గదికి మార్చా. నడిమి కుండను విప్పి దాని స్థానంలో అవ్వ చీరదే ఇంకో ముక్క వేస్తున్నా, ఈసారి చేత్తో అంచు మడిచి. అవ్వ కూడా ఒక పక్క పట్టుకుంది. చేతికి వణుకు లేదు గానీ సూది కన్ను కనపడదు. స్కూలుకు పోయే ముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోతున్నా. సాయంత్రానికి పదీ ఖాళీ.