రెండేళ్ల కార్పొరేట్ ఇంటర్, హాస్టల్‌తో సహా: ఐదుకి రెండున్నర

కాలేజీ పేరు రాయను, కామెంట్లలో అడగొద్దు. రాసినా పెద్ద ఉపయోగం లేదు, ఆ బోర్డు తీసేసి పక్క వీధిలో ఇంకో బోర్డు పెట్టినా ఈ రివ్యూలో మార్చాల్సింది ఏమీ ఉండదు. మాది తెనాలి. మా అమ్మాయి 2022 నుంచి 2024 దాకా విజయవాడ శివార్లలో ఒక కార్పొరేట్ కాలేజీ గర్ల్స్ క్యాంపస్‌లో, హాస్టల్లో ఉండి ఎంపీసీ చదివింది. ఇప్పుడు మావాడు పదో తరగతిలో ఉన్నాడు కాబట్టి ఇంట్లో మళ్లీ అదే చర్చ నడుస్తోంది. మీ ఇంట్లోనూ నడుస్తుంటే చదవండి.

ముందు డబ్బు సంగతి. పాప పదో తరగతి పరీక్షలు ఇంకా మొదలు కాకుండానే కాలేజీ పీఆర్వో (అడ్మిషన్లు పట్టుకొచ్చేవాడు) ఇంటికి వచ్చేశాడు. మా ఫోన్ నంబరు ఎవరిచ్చారంటే నవ్వాడు. (స్కూల్ వాళ్లే ఇచ్చారని తర్వాత తెలిసింది.) ఏడాదికి లక్షా ఎనభై అని మొదలుపెట్టి, మా ఆయన లేచి చొక్కా వేసుకోబోతుంటే "మీ కోసం" లక్షా నలభైకి దిగాడు. చేపల మార్కెట్లో కూడా ఇంత తొందరగా దిగరు. చేరాక మెటీరియల్, యూనిఫాం, దోబీ, జేఈఈ కోసం ఏదో టెస్ట్ సిరీస్, ఫేర్‌వెల్... రెండేళ్లకీ కలిపి మూడు లక్షల నలభై వేలు దాటింది. రసీదు మాత్రం ట్యూషన్ ఫీజు కింద కొంతకే ఇచ్చారు.

మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, 2021లో అప్పటి ఆంధ్ర ప్రభుత్వం జీఓ 53, 54 తెచ్చి ప్రైవేటు స్కూళ్లకీ జూనియర్ కాలేజీలకీ ఫీజులు ఫిక్స్ చేసింది. కార్పొరేషన్ పరిధిలో ఎంపీసీకి ఏడాదికి 20 వేలు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ఆ జీఓలు కొట్టేసింది. ఊరికొక రేటు చొప్పున అందరికీ ఒకే ఫీజు పెట్టడం కూడా పద్ధతి కాదనుకోండి, చిన్న కాలేజీలు నిజంగానే మునిగిపోతాయి. కానీ దాని తర్వాత లెక్క మళ్లీ పీఆర్వో చేతికే వచ్చింది, మన బేరం మనదే.

సరే, మంచి కూడా చెప్పాలి. భోజనం బాగుంది, నిజంగా. ఆదివారం చికెన్, శనివారం పెసరట్టు, పాప ఎప్పుడూ ఆకలి అనలేదు. మ్యాథ్స్ సార్ అద్భుతం, కోఆర్డినేట్ జామెట్రీ ఆయన చెప్పినట్టు ఇంకెవరూ చెప్పలేరని పాప ఇప్పటికీ అంటుంది. వీకెండ్ ఎగ్జామ్ రాయించి, సోమవారానికల్లా ఏ తప్పు ఎందుకు చేసిందో ఎర్రర్ లిస్ట్ చేతికిచ్చే పద్ధతి కూడా బాగుంది. దీనికి ఒక స్టార్ పూర్తిగా ఇచ్చేస్తున్నా. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో ఇలాంటి పని చేయగల లెక్చరర్లు లేక కాదు, పోస్టులు నింపరు, నింపేదాకా పిల్లలు ఆగలేరు. అందుకే మేమూ ఆగలేదు.

ఇక టైం టేబుల్. పొద్దున అయిదున్నరకి లేపితే రాత్రి పదిన్నరకి స్టడీ అవర్ అయ్యేదాకా ఖాళీ లేదు. నెలకోసారి ఔటింగ్, అదీ మార్కులు వస్తేనే. ప్రతి నెలా ర్యాంకుని బట్టి సెక్షన్ షిఫ్టింగ్. ఒకే మంచం మీద పడుకున్న స్నేహితురాలు పై సెక్షన్‌కి వెళ్లిపోయి, రెండో రోజు నుంచి వేరే టేబుల్ దగ్గర తింటుంటే పాప ఫోన్లో ఏడ్చింది. వీటి మీద చాలామంది చాలా రాశారు. 2001లోనే నీరదా రెడ్డి కమిటీ వేశారు, 2017లో ఆంధ్రలో చక్రపాణి కమిటీ వేశారు, రెండూ పిల్లల ఆత్మహత్యల తర్వాతే. సెలవుల్లో క్లాసులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు ఏటా చెబుతూనే ఉంటుంది. మా పాప వేసవి సెలవులు ఎలా గడిచాయో నన్నడగండి.

నేను రాయాలనుకున్నది అది కాదు. ఆ బిల్డింగ్‌లో ఏం చెప్పాలో నిర్ణయించేది ఎవరు అన్నది. రెండేళ్లలో నాకు అర్థమైనంతవరకు ఆ క్యాంపస్‌లో ఉన్న ఒక్కరు కూడా కాదు. ఫలానా తేదీన ఫలానా టాపిక్, ఫలానా పేజీ అని మైక్రో షెడ్యూల్ పైనుంచి వస్తుంది. ప్రిన్సిపాల్ పని అది అమలవుతోందో లేదో చూడటం, ప్రిన్సిపాల్ చూస్తున్నాడో లేదో చూడటం ఏజీఎం పని. (అవును, కాలేజీకి జనరల్ మేనేజర్లు ఉంటారు, బిస్కెట్ కంపెనీకి ఉన్నట్టు.) క్లాసులో సీసీ కెమెరా పిల్లల మీద కన్నా లెక్చరర్ మీదే ఎక్కువ పని చేస్తుంది.

ఒక సంగతి చెబుతా. 2022లో దీపావళి మర్నాడు, అక్టోబరు 25న, సాయంత్రం పాక్షిక సూర్యగ్రహణం పట్టింది గుర్తుందా, సూర్యుడు గ్రహణంతోనే అస్తమించాడు. ఫస్టియర్ ఫిజిక్స్ సార్ అయిదుంబావుకి వీళ్ల సెక్షన్‌ని డాబా మీదికి తీసుకెళ్లి, అట్టముక్కకి గుండుసూదితో చిల్లు పొడిచి, వాటర్ ట్యాంక్ గోడ మీద కొరికేసిన సూర్యుణ్ని చూపించాడట. పది నిమిషాలు. పాప ఆ రాత్రి ఫోన్లో దాని గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు, వారానికి ఒకే ఫోన్, అందులో సగం పైగా సూర్యుడే. చిల్లు గుండ్రంగా ఉంటే గోడ మీద కొరికిన సూర్యుడు ఎలా పడ్డాడమ్మా అని నన్నే అడిగింది. రెండేళ్లలో చదువు గురించి తను నన్నడిగిన ప్రశ్న అదొక్కటే. తర్వాత వారం ఆ సార్ లేడు. వేరే క్యాంపస్‌కి మార్చారట. గ్రహణం వల్లే అని ఎవరూ చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ఆ రోజు షెడ్యూల్లో ఆ గంటకి వేరే టాపిక్ ఉందని మాత్రం వార్డెన్ చెప్పింది.

సెకండ్ లాంగ్వేజ్ కథ ఇంకోటి. తెలుగు తీసుకుంటానంది పాప. అడ్మిషన్ ఫారంలో సంస్కృతం అప్పటికే టిక్ పెట్టి ఉంది. మార్కులు బాగా పడతాయి, జవాబు తెలుగు లిపిలోనే రాసుకోవచ్చు, ఇంకేంటి మీ బాధ అన్నారు. బాధ ఏంటంటే, తను రెండేళ్లు నేర్చుకున్నది సంస్కృతమూ కాదు. పది ప్రశ్నలకి పది జవాబులు బట్టీ పట్టింది, వాటిలో ఒక్క వాక్యానికి అర్థం అడిగితే చెప్పలేదు. నూటికి తొంభై తొమ్మిది వచ్చాయి. తెనాలిలో పుట్టిన పిల్ల ఇంటర్‌లో ఒక్క తెలుగు పద్యం చదవలేదు, మా మామయ్యగారు దీన్ని ఇప్పటికీ క్షమించలేదు. ప్రాక్టికల్స్ గురించి ఏం చెప్పను, పరీక్షకి ముందు కొన్ని రోజులు ల్యాబ్ తాళం తీశారు, అందరికీ ముప్ఫైకి ముప్ఫై. లైబ్రరీ అంటే ప్రిన్సిపాల్ గది బయట అద్దాల బీరువా.

మరి ఎవరూ అడగరా? అడగాల్సినవాళ్లు ఎక్కడ కూర్చున్నారో చూడండి. (ఇప్పుడు రాసే పేర్లకి మా పాప కాలేజీతో ముడిపెట్టొద్దు, ఇవి అందరికీ తెలిసినవే.) నారాయణ సంస్థల నారాయణగారు 2014లోనూ 2024లోనూ మున్సిపల్ మంత్రి. 2014లో విద్యాశాఖ చూసిన గంటా శ్రీనివాసరావు ఆయనకి వియ్యంకుడు. తెలంగాణలో మల్లారెడ్డిగారికి ఇంజినీరింగ్ కాలేజీలున్నాయి, యూనివర్సిటీ ఉంది, కేసీఆర్ ప్రభుత్వంలో మంత్రి పదవీ ఉండేది. అనురాగ్ విద్యాసంస్థల పల్లా రాజేశ్వర్ రెడ్డి బీఆర్ఎస్ ఎమ్మెల్యే. గీతం యూనివర్సిటీ పెట్టిన ఎం.వి.వి.ఎస్. మూర్తి ఒకప్పుడు తెలుగుదేశం ఎంపీ, ఇప్పుడు ఆయన మనవడు విశాఖ ఎంపీ. కాలేజీ పెట్టినవాడు రాజకీయాల్లోకి రాకూడదని నేననను, అది వాళ్ల హక్కు. కానీ అసెంబ్లీలో ఇంటర్ చదువు మీద చర్చ పెడితే బెంచీకి అటూ ఇటూ ఇలాంటివాళ్లే ఉంటారు.

ప్రభుత్వం మారినప్పుడు మాత్రం పని జరుగుతుంది, జేసీబీ రూపంలో. 2020 అక్టోబరులో విశాఖలో గీతం ప్రహరీ గోడ కూల్చారు, అప్పుడు వైసీపీ ప్రభుత్వం. 2024 మార్చిలో దుండిగల్‌లో మల్లారెడ్డి అల్లుడు మర్రి రాజశేఖర్ రెడ్డి కాలేజీ కట్టడాలు చెరువులో ఉన్నాయని కూల్చారు, అప్పుడు కాంగ్రెస్ ప్రభుత్వం. స్థలం ఎవరిదో కోర్టులు తేలుస్తాయి, నాకు తెలీదు. కానీ ఎన్నికల్లో ఓడిన పార్టీవాడి గోడ కొలిచేంత శ్రద్ధ, గెలిచినవాడి క్లాసులో పిల్లలు ఎన్ని గంటలు కూర్చుంటున్నారో కొలవడంలో నేనెప్పుడూ చూడలేదు. ఓడినవాడి క్లాసులో కూడా చూడలేదు, అక్కడా గోడే కొలుస్తారు.

పేపర్లు రాయవా అంటారేమో. మా చెల్లెలి కొడుకు ఒక పేపర్‌కి మండల విలేకరి. గ్రహణం సార్ సంగతి చెప్పి, రాయరా అన్నాను. "పెద్దమ్మా, రిజల్ట్స్ రోజు మా ఫస్ట్ పేజీ నువ్వు చూశావా, అందులో మా పేపర్ పేరు వెతుక్కోవాలి" అన్నాడు. నిజమే, పేజీ నిండా ఫొటోలు. ఒకే పిల్లాడి ఫొటో రెండు కాలేజీల యాడ్‌లో ఉండటం కూడా చూశాం. టీవీలో ఒకటీ, ఒకటీ, రెండూ, రెండూ, మూడూ అని గొంతు చించుకునే యాడ్ వచ్చినప్పుడల్లా మా అత్తగారు ఇదేం ఎక్కాలురా అనేవారు.

రిజల్ట్ సంగతి: ఇంటర్‌లో వెయ్యికి 978, జేఈఈ మెయిన్‌లో 91 పర్సంటైల్. ఎన్ఐటీ రాలేదు, ఈఏపీసెట్ (అదే, పాత ఎంసెట్) మీద గుంటూరు దగ్గర ఇంజినీరింగ్ కాలేజీలో సీటు వచ్చింది. డబ్బుకి తగ్గ ఫలితమా అంటే, మా వీధి చివర గవర్నమెంట్ కాలేజీలో చదివిన అమ్మాయి కూడా అదే బస్సెక్కుతోంది. బీటెక్ మొదటి నెలలో ఒక మేడమ్ ఏదో టాపిక్ చెప్పి "మీకేమనిపిస్తోంది?" అని అడిగిందట. అమ్మా, అందరం నోట్సు తిరగేశాం అని నవ్వుతూ చెప్పింది పాప. నేను నవ్వలేకపోయాను.

అయినా సున్నా ఇవ్వను. మ్యాథ్స్ సార్‌కి ఒకటి, భోజనానికి అర, ఎర్రర్ లిస్ట్‌కి ఒకటి. గ్రహణం చూపించిన సార్‌కి విడిగా ఐదుకి ఐదు, అది కాలేజీ ఖాతాలో వేయడం లేదు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైతే మావాడు తలుపు తీశాడు. చేతిలో కాలేజీ ఫైలు, మెళ్లో ట్యాగ్, చెమటలు కారుతూ ఒకాయన. అడ్మిషన్ల సీజన్‌లో లెక్చరర్లని కూడా ఇంటింటికీ తిప్పుతారు, తలకి ఇన్ని అని టార్గెట్ ఉంటుంది. పాప లోపల్నుంచి వచ్చి "సార్!" అని అరిచేదాకా నాకు తెలీలేదు. ఆయనే. మజ్జిగ ఇచ్చాను. కొరికిన సూర్యుడు ఎలా పడ్డాడో పాప అప్పుడు అడగడం కుదర్లేదట, ఇప్పుడు అడిగింది. ఆయన ఫైలు వెనకాల పెన్నుతో బొమ్మ గీసి పావుగంట చెప్పాడు, మావాడు కూడా వంగి చూశాడు. మావాణ్ని చేర్పిస్తారా అని ఆయన గట్టిగా అడగలేదు, నేనూ చెప్పలేదు. వెళ్లబోతూ, ఈ వీధిలో పదో తరగతి పిల్లలు ఇంకెవరైనా ఉన్నారా అమ్మా, పద్నాలుగు తక్కువున్నాయి అన్నాడు. రెండు నంబర్లు రాసిచ్చాను.