పాత పట్టుచీరకు కొత్త కుట్టు: బైరాగిపట్టెడ మేడమీది దుకాణం

తిరుపతిలో పాత పట్టుచీర ఇల్లు దాటే దారులు ఇన్నాళ్ళూ రెండే. వెండి జరీ ఉన్నదైతే “పాత జరీ కొంటాం” అని వీధుల్లో కేకేసుకుంటూ తిరిగేవాళ్ళు తూకం చూసి కొనుక్కుపోయేవారు. జరీలో సారం లేకపోతే చీర స్టీలు సామాన్లవాడి మూటలో చేరేది, బదులుగా ఒక గిన్నో జల్లెడో ఇంట్లోకి వచ్చేది. ఈ రెండింటికీ మనసొప్పక మూడు చీరలను, ఒక కలంకారీ దుప్పట్టాను, మా నాయనకు సన్మానాల్లో కప్పిన ఆరు శాలువాలను చాలా ఏళ్ళుగా బీరువా అడుగున దాచి ఉంచాను. పాత చీరలను కత్తిరించి కొత్త దుస్తులుగా కుట్టే దుకాణం బైరాగిపట్టెడలో ఒక మేడ మీద ఉందని తెలిసి, మొన్నటి ఏప్రిల్ మొదటివారంలో మూటంతా అక్కడికి మోసుకెళ్ళాను. వచ్చిన దుస్తులను నాలుగు నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఆ దుకాణానికి బోర్డు లేదు, బిల్లు మీద పేరు కూడా లేదు. పాత చీరలు కుట్టే మేడ ఏదని వీధి మొదట్లో అడిగితే ఎవరైనా చూపిస్తారు.

అది అద్దాల షోరూము కాదు. మూడు కుట్టుమిషన్లు, గుడ్డ అంచుల పోగులు ఊడకుండా కుట్టే ఒక ఓవర్‌లాక్ మిషను, గోడ పొడవునా కత్తిరింపు బల్ల, ఉత్తరం వైపు పెద్ద కిటికీ, అంతే. నడుపుతున్న ఆమె చెన్నైలో ఎగుమతి దుస్తులు కుట్టే ఒక కంపెనీలో కత్తిరింపు పని నేర్చుకొని వచ్చారట. మూట విప్పగానే డిజైన్ల పుస్తకం ముందు పెడతారనుకున్నాను. ఆమె మాత్రం మొదటి చీరను తీసుకెళ్ళి కిటికీకి అడ్డంగా పట్టుకున్నారు. వెలుగులో పాత మడతలన్నీ నిచ్చెన మెట్లలాగా తెల్లగా తేలాయి. తరువాత గుడ్డను రెండు చేతుల బొటనవేళ్ళ కింద అదిమిపట్టి, ఒకసారి పడుగు వైపు, ఒకసారి పేక వైపు గట్టిగా లాగి చూశారు. మా అత్తగారి ఊదారంగు చీర ఆ లాగుడుకే సన్నని చప్పుడు చేసి పిగిలింది. “మడత కాడ పట్టు అయిపోయింది కా. పైకి బాగానే ఉంటాది, కుట్టు పడితే రెండు నెల్లు కూడా నిలవదు. మీరు డబ్బులిచ్చినా నేను కుట్టను” అని దాన్ని మడిచి నా చేతికే ఇచ్చేశారు. వచ్చిన బేరాన్ని తానే వదులుకున్న ఆ మాటతో నాకు ఈ దుకాణం మీద సగం నమ్మకం కుదిరింది.

చీర ఎందుకు పిగులుతుందో ఆమె ఓపికగా చెప్పారు. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉంచితే ఆ గీత వెంబడి పోగు విరుగుతుంది. ఎండ తగిలినా, చెమట ఆరకముందే బీరువాలో పెట్టినా పట్టు బలం తగ్గుతుంది. వీటికి తోడు అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ వెండి రేకు చుట్టి బంగారు పూత పూసినది కనుక, ఆ అంచు బరువు మొత్తం నడుమ గుడ్డనే లాగుతూ ఉంటుంది. కంచి చీరల్లో అంచును వేరే నాడెతో (పేక దారాన్ని అటూ ఇటూ నడిపే సాధనంతో) నేస్తూ నడుమ గుడ్డతో పోగు పోగునా మెలివేస్తారు. మన నేతగాళ్ళు కుప్పడం అనే పని కూడా ఆ తీరుదే. పాతబడిన చీరలో ముందుగా చూడవలసింది ఆ కలయిక దగ్గరేనట.

ఆ పరీక్షలన్నిటికీ నిలబడింది మా అవ్వ చీర. 1971లో మా అమ్మ పెళ్ళికి కంచిలో కొన్నది, అరటాకు పచ్చ నడుమ, వక్కరంగు అంచు. దాన్ని మా అమ్మాయికి పొడవాటి కుర్తాగా కుట్టించాను. ఈ దుకాణం పనితనమంతా ఆ ఒక్క కుర్తాలో కనిపిస్తుంది కాబట్టి దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను. ముందు చీరంతా బల్ల మీద పరిచి, బలహీనమైన చోట్ల చుట్టూ సుద్దతో గీశారు. కుర్తాను ఒకే పెద్ద ముక్కగా కత్తిరిస్తే నిలువు మడతలు ఎదమీదికీ వీపుమీదికీ వస్తాయి కాబట్టి ఎనిమిది సన్నని కలీలుగా, అంటే నిలువు ముక్కలుగా, విడదీసి, ఒక్కొక్క కలీని రెండు నిలువు మడతల మధ్య ఇమిడేలాగా కాగితపు అచ్చులను అటూ ఇటూ జరిపి చూసుకున్నారు. నేను కూర్చొని చూస్తుండగానే ఆ జరపడానికే గంటన్నర పట్టింది. కత్తెర పట్టిన తరువాత పావుగంటలో పని అయిపోయింది. అడ్డమడతలు తప్పని చోట్ల గుడ్డ వెనుక పలుచని ఫ్యూజింగ్‌ను, అంటే వేడికి అంటుకొనే జిగురు గుడ్డను, ఇస్త్రీపెట్టెతో అంటించారు. పట్టుకు పోగు జారే గుణం ఉన్నందున, మామూలుగా కుట్టు లోపల అరంగుళం వదిలే చోట ముప్పావు అంగుళం వదిలారు. చెమట పట్టే చంక కింద పాత గుడ్డ పెట్టకుండా అదే రంగు కొత్త సికో (పట్టు, నూలు కలిపి నేసిన గుడ్డ) ముక్క వేశారు. నల్లబడిన జరీకి మెరుగు పెట్టమని నేనే అడిగాను. రుద్దితే ఉన్న పూత కూడా పోతుందని ఆమె ఒప్పుకోలేదు, ఇప్పుడు చూస్తే ఆ మసక బంగారమే కుర్తాకు అందం. కొంగులోని హంసల వరుసను వెనుక భుజాల మీదికి తెచ్చిన ఆలోచన ఆమెదే. ఎడమ చేతి అంచులో మాత్రం ఏనుగులు తలకిందులుగా వచ్చాయి. మా అమ్మాయికి అదే ముచ్చటగా ఉందంది కాబట్టి నేను గొడవ పెట్టుకోలేదు. ఈ నాలుగు నెలల్లో ఏడుసార్లు కట్టిన తరువాత, ఒకసారి డ్రైక్లీనింగుకు ఇచ్చిన తరువాత కూడా ఒక్క కుట్టు కదలలేదు.

నా ఫిర్యాదు లోపలి గుడ్డ మీద. ఏ లైనింగు కావాలని ఒక్క మాట అడగకుండా పాలిస్టర్ క్రేప్ వేసేశారు. మే నెల తిరుపతి ఎండలో అది ఒంటికి అంటుకుపోతుందన్నది పైకి కనిపించే ఇబ్బంది. నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం ఒకటి ఉంది. పాత గుడ్డను చీల్చి పీచు చేసి మళ్ళీ దారం వడకడం రీసైక్లింగు. హర్యానాలోని పానిపట్టులో దేశదేశాల నుంచి వచ్చిన పాత ఉన్ని దుస్తులను రంగులవారీగా వేరుచేసి దుప్పట్లకు దారం తీసేది ఆ పద్ధతిలోనే. గుడ్డను గుడ్డగానే ఉంచి మునుపటికంటే విలువైన వస్తువుగా మార్చడం అప్‌సైక్లింగు. 1994లో రైనర్ పిల్జ్ అనే జర్మనీ దేశస్థుడు ఒక ఇంటర్వ్యూలో ఈ మాటను ఇలాంటి అర్థంలోనే వాడాడు. ఈ రెండో దారిలో వెళ్ళిన గుడ్డ కూడా ఏదో ఒకనాడు మొదటి దారికి చేరవలసిందే, పీచు కావలసిందే. దుస్తుల తయారీకి వాడే ముడిసరుకులో మళ్ళీ కొత్త దుస్తులుగా మారుతున్నది ఒక శాతం కంటే తక్కువేనని వస్తువుల పునర్వినియోగం మీద పనిచేసే బ్రిటన్ సంస్థ ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో తన నివేదికలో చెప్పింది. రకరకాల పోగులు ఒకే దుస్తులో కలిసిపోవడం దానికి ఒక ముఖ్య కారణం. యాభై ఏళ్ళకు పైబడిన అచ్చమైన పట్టుకు పాలిస్టర్ కలిపి కుట్టి, అది పర్యావరణానికి మేలని చెప్పడం నాకు సమంజసంగా తోచలేదు. ఈ మాట అన్నప్పుడు ఆమె దాటవేయలేదు. నూలు లైనింగుకు 220 రూపాయలు ఎక్కువవుతుందనీ, ఎక్కువమంది తక్కువ ధరే అడుగుతారనీ చెప్పారు. అలాగైతే ముందే అడగాలి కదా! మీరు వెళ్తే మూట విప్పకముందే నూలు లైనింగని చెప్పండి.

నూలు వెంకటగిరి చీరను మా చెల్లెలి మనవరాళ్ళకు రెండు గౌనులు కుట్టించాము. ఉతికేకొద్దీ మెత్తబడిన గుడ్డ పిల్లల ఒంటికి హాయిగా ఉంది, వంక పెట్టడానికి ఏమీ లేదు.

దుకాణం నిజంగా తడబడింది కలంకారీ దగ్గర. అది శ్రీకాళహస్తిలో కలంతో గీయించిన నూలు దుప్పట్టా, శివపార్వతుల కల్యాణ ఘట్టం. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద, ఇనుపముక్కలను బెల్లపు నీళ్ళలో ఊరబెట్టి తీసిన కసిమితో నల్లగీతలు గీస్తారు. కరక్కాయ వగరు, ఇనుము కలిసినప్పుడే ఆ నలుపు పుడుతుంది. అయితే ఆ ఇనుమే ఏళ్ళు గడిచేకొద్దీ నూలును తినేస్తుంది కాబట్టి, పాత కలంకారీ ముందుగా చిరిగేది నల్లగీత వెంబడే. పట్టును అంత జాగ్రత్తగా పరీక్షించిన ఆమె దీన్ని ఖాళీగా ఉన్న చోట మాత్రమే లాగి చూసి, గట్టిగా ఉందని తేల్చేశారు. చేతుల్లేని కోటుగా కుట్టి ఇచ్చినప్పుడు చెలికత్తె ముఖాన్ని రెండుగా చీలుస్తూ గుండీల పట్టీ వచ్చింది. కథ చెప్పే బొమ్మలున్న గుడ్డను మామూలు పూల గుడ్డలాగా కత్తిరించకూడదన్న సంగతి అక్కడ ఎవరికీ తట్టినట్టు లేదు. రెండోసారి వేసుకున్నప్పుడు భుజం దగ్గర గీత వెంబడే నాలుగంగుళాలు చిరిగింది. తీసుకెళ్ళి చూపిస్తే వెనుక నెట్ గుడ్డ వేసి చేత్తో కుట్టి ఇచ్చారు, కూలిలో సగం తిరిగి ఇచ్చారు. మాట పట్టింపు లేకుండా ఇచ్చారని కూడా రాయాలి. అయినా చేతి కలంకారీని ఇక్కడికి తీసుకెళ్ళమని నేను చెప్పలేను. వెనుక నూలుగుడ్డ వేయించి గోడకు కట్టుకోవడమే దానికి మేలు.

శాలువాల సంగతి రెండు మాటల్లో చెప్పవచ్చు. మన ఊళ్ళో ఏ సభ జరిగినా నలుగురి భుజాల మీద శాలువా పడక మానదు, అది మళ్ళీ ఎవరి చలినీ ఆపినట్టు చరిత్రలో లేదు. ఆరింటినీ దిండు గలీబులు చేయించాను, ఒక్కొక్కటి 150 రూపాయలు. మా నాయన మధ్యాహ్నాలు తన సన్మానాలకు తానే ఆనుకొని పడుకుంటున్నారు.

తిరుపతి దుకాణం కాబట్టి ఇక్కడొక కట్టుబాటు ఉంది, అది నాకు నచ్చింది. తితిదే శ్రీవారికి వచ్చిన వస్త్రాలను వేలంలో అమ్ముతుంది కాబట్టి అలాంటి పట్టు, గుళ్ళలో అందిన శేషవస్త్రాలు ఈ మేడకు తరచుగా వస్తుంటాయట. వాటిని ఉత్తరీయంగానో, పూజగది తెరగానో, పుస్తకం చుట్టుకొనే గుడ్డగానో మాత్రమే మారుస్తారు. నడుము కిందికి వచ్చే దేన్నీ వాటితో కుట్టరు. నేను కూర్చున్నప్పుడే ఒకరు అలాంటి పట్టుతో లెహంగా అడిగి, కాదనిపించుకొని వెళ్ళారు.

మిగిలిన ముక్కలన్నీ ఒక సంచిలో పెట్టి తిరిగి ఇస్తారు, గోరంత అంచు ముక్క కూడా పోదు. ఆ ముక్కలు చూసినప్పుడు మా అవ్వ గుర్తుకొచ్చింది. పాత నూలు చీరలు నాలుగు పొరలుగా పరచి, ఎండాకాలం మధ్యాహ్నాలంతా బొంత కుట్టేది. కొత్తగా వినిపిస్తున్న అప్‌సైక్లింగు అనే ఈ ఇంగ్లీషు మాట ఆమె చెవిన ఎప్పుడూ పడలేదు.

ధరల విషయానికి వస్తే కుర్తాకు 2,400, గౌనులకు ఒక్కొక్కటి 600, కోటుకు 1,100 తీసుకున్నారు. కుర్తా కూలి ఎక్కువే అనిపించినా, అచ్చులు జరిపిన ఆ గంటన్నరను చూసిన తరువాత నేను బేరమాడలేదు. లెక్క మాత్రం సరిగ్గా వేసుకోవాలి: పాత జరీవాళ్ళు అదే చీరకు 5,000 ఇస్తామన్నారు కాబట్టి కుర్తా నాకు పడింది 7,400 కింద. చవకగా కొత్త దుస్తులు కావాలనుకొనేవారు గాంధీ రోడ్డుకు వెళ్ళడమే మంచిది. దాచుకోదగిన చీర ఉండి, దాన్ని ఇక కట్టుకోలేమనుకొనేవారికి మాత్రం ఈ మేడ పనికి వస్తుంది.

ఇంకొక లోపం గడువు. గంగ జాతరకు ముందే ఇస్తామని చెప్పి, జాతర ముగిసి వేషాల రంగులు వీధుల్లో వెలిసిపోయిన తరువాత ఇచ్చారు. మధ్యలో ఫోన్ చేస్తే ఎత్తలేదు. పండుగకో పెళ్ళికో కావలసినవారు చెప్పిన తేదీకి మరో మూడు వారాలు కలుపుకోవాలి. గురువారం సెలవు, తక్కిన రోజుల్లో ఉదయం పదిన్నర నుంచి తెరిచి ఉంటుంది. పగలే వెళ్ళండి, ఎందుకంటే వెలుగు తగ్గితే ఆమె చీరను చూడరు, మరునాడు రమ్మంటారు. మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు కింద నిలబడి కబురు పెడితే ఆమే దిగివచ్చి, వీధిలోనే చీర విప్పి ఎండకు అడ్డంగా పట్టి చూస్తారు.